200 సీసీ నుంచి మిడిల్‌వెయిట్ స్టాండర్డ్‌కి మారడం: కాగితం మీద ఏం చూడాలి, బండి మీద ఏం చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఆరేళ్లుగా 200 సీసీ సింగిల్ (ఒకే సిలిండర్ బండి) నడుపుతున్నారు. ఇప్పుడు 500–700 సీసీ మధ్య, ఫెయిరింగ్ (గాలికి అడ్డంగా ఉండే కవచం) లేని, నిటారుగా కూర్చునే మామూలు ఆకారపు బండి, అంటే మిడిల్‌వెయిట్ స్టాండర్డ్ మీద మనసు పడింది. కానీ కాగితం మీద చూస్తే అంతే సైజు ఇంజిన్‌తో స్పోర్ట్ బండ్లు దాదాపు రెట్టింపు పవర్ ఇస్తున్నాయి. బరువులో చూస్తే ఇవేమీ వాటికి తీసిపోవడం లేదు. "మరి వీటిలో ఉన్న విశేషం ఏమిటి, 200 కిలోల బండి నా చేతికి లొంగుతుందా, టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి" అని మూడు ముక్కలు అడిగారు.

ముందు సూటి జవాబు. ఊళ్లో తిరగడానికీ, దూరాలకీ, వెనక మనిషిని ఎక్కించుకోవడానికీ ఒక్క బండితోనే సరిపెట్టుకోవాలంటే ఈ తరగతిని మించింది నాకు కనబడలేదు. దాని బలమంతా మీరు రోజూ వాడే చోటే ఉంటుంది. అంటే 2,500 నుంచి 6,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, గంటకు 30 నుంచి 110 కిలోమీటర్ల మధ్య. అందుకే పెద్ద అక్షరాల్లో వేసే అంకెల్లో అది కనబడదు. బరువు మిమ్మల్ని కదిలే బండి మీద ఇబ్బంది పెట్టదు, ఆగిన బండి మీద పెడుతుంది. టెస్ట్ రైడ్‌లో పికప్ చూడ్డం మానేసి సీటు, సస్పెన్షన్, నెమ్మది మీద మలుపు తిరగడం చూడండి. ఇక కారణాల్లోకి వస్తాను. నేను చాలాకాలంగా రైడింగ్ నేర్పుతున్నాను, పక్కనే సస్పెన్షన్ సెట్ చేసే పనీ ఉంది. కాబట్టి నా మాటల్లో ఆ రెండింటి వాసనే వస్తుంది. ట్రాక్ మీద తిరిగేవాళ్లను అడిగితే వేరే జవాబు చెప్తారు, అదీ తప్పు కాదు.

పవర్ ఎంత అని కాదు, టార్క్ ఎక్కడ అని చూడండి

రెండు బండ్లు తీసుకుందాం. యమహా ఆర్6 ఇంజిన్ 599 సీసీ, నాలుగు సిలిండర్లు. దాని గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) సుమారు 62 న్యూటన్ మీటర్లు, అది వచ్చేది 10,500 ఆర్‌పీఎం దగ్గర. అదే కంపెనీ ఎంటీ-07 ఇంజిన్ 689 సీసీ ట్విన్, అంటే రెండు సిలిండర్లది. టార్క్ సుమారు 68, వచ్చేది 6,500 దగ్గర. టార్క్‌లో పెద్ద తేడా లేదు, తేడా అంతా అది దొరికే చోటులో ఉంది. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించగా వచ్చేదే కాబట్టి, అదే టార్క్‌ని ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పుట్టిస్తే పవర్ అంకె చూడముచ్చటగా పెరుగుతుంది. కానీ ఆ పవర్ కోసం మీరు 14,000 ఆర్‌పీఎం దాకా ఎక్కాలి. కూరగాయల సంచీ తగిలించుకుని ఇంటికి వెళ్తూ ఎవరూ అక్కడికి ఎక్కరు.

లెక్క కట్టి చూడండి. 4,000 ఆర్‌పీఎం దగ్గర 60 న్యూటన్ మీటర్లు ఇచ్చే ట్విన్ చేతికి అక్కడ సుమారు 34 హార్స్‌పవర్ అందిస్తుంది. చాలా 650 ట్విన్‌లు టాప్ గేర్‌లో వంద మీద పోతున్నప్పుడు తిరిగేది కూడా దాదాపు అక్కడే. మరి నిటారుగా కూర్చున్న మనిషితో 90 వేగంలో బండిని గాలికి ఎదురు నెట్టడానికి ఎంత కావాలి? నా లెక్కలో పది హార్స్‌పవర్ చుట్టుపక్కల. మిగిలిందంతా మీ చేతిలో నిల్వ ఉన్నట్టే. లారీని దాటాలంటే గేరు తగ్గించక్కర్లేదు, మణికట్టు కొంచెం తిప్పితే చాలు. ఈ తరగతి బండి నడిపినవాళ్లు "హాయిగా ఉంది" అని ఊరుకుంటారు గానీ, ఆ హాయికి మూలం ఈ నిల్వే. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 పవర్ 47 హార్స్‌పవరే. ఆ అంకె చూసి పెదవి విరిచినవాళ్లని బండి ఎక్కించి పంపితే తిరిగొచ్చాక పవర్ ఊసెత్తరు, ఎందుకంటే 52 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ 5,250 దగ్గరే వచ్చేస్తుంది, దానికి చాలా కిందనుంచే లాగుడు మొదలవుతుంది.

అందుకని స్పెక్ షీట్‌లో మొదట చూడాల్సింది గరిష్ఠ టార్క్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర అన్న అంకె. అది 7,000 లోపు ఉంటే మీ అవసరానికి తగ్గ ఇంజిన్ అని ఒక మోటు లెక్క.

రెండు సిలిండర్లున్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు

ఈ తరగతిలో ఎక్కువగా దొరికేవి పక్కపక్కన రెండు సిలిండర్లున్న పారలల్ ట్విన్‌లు. క్రాంక్ (పిస్టన్‌లు తిప్పే ఇరుసు) మీద ఆ రెండు పిస్టన్‌లనూ ఏ కోణంలో అమర్చారన్నదాన్ని బట్టి బండి గుణం, గొంతు రెండూ మారిపోతాయి.

360 డిగ్రీల క్రాంక్‌లో రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. పేలుళ్లు సమాన వ్యవధిలో వస్తాయి, శబ్దం ఒకే తీరుగా గుమ్మని ఉంటుంది. కానీ రెండు పిస్టన్‌ల ఊపూ ఒకే దిక్కుకి కాబట్టి వైబ్రేషన్ పెద్ద సింగిల్‌లాగే వస్తుంది. పాత బ్రిటిష్ ట్విన్‌లు, కవాసాకీ డబ్ల్యూ650 ఈ రకం. 180 డిగ్రీలలో ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి. పైకీ కిందికీ కొట్టే ఊపు చెల్లుకు చెల్లు అయిపోయినా, ఇంజిన్ పక్కల మీద ఊగే గుణం మిగులుతుంది. హోండా సీబీ500ఎఫ్, కవాసాకీ జెడ్650 ఇలాంటివి. పై ఆర్‌పీఎంలలో చురుగ్గా తిరుగుతాయి, అడుగున కాస్త గరగరమంటాయి.

270 డిగ్రీలదే ఇప్పుడు రాజ్యం. రోడ్డు బండిలో దీన్ని 1995లో యమహా టీఆర్‌ఎక్స్850తో తెచ్చింది. ఎంటీ-07, ఇంటర్‌సెప్టర్ 650, 2016 తర్వాతి ట్రయంఫ్ బోనవిల్‌లు అన్నీ ఇదే బాటలో ఉన్నాయి. పేలుళ్ల మధ్య వ్యవధి 270, 450 డిగ్రీలుగా ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గొంతు 90 డిగ్రీల వీ-ట్విన్‌ని (రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉన్న ఇంజిన్‌ని) పోలి ఉంటుంది. సుజుకీ ఎస్‌వీ650 నిజమైన వీ-ట్విన్. రెంటినీ కళ్లు మూసుకుని వింటే తికమక పడటం మామూలే. శబ్దం సరే, అసలు లాభం ఇంకోటి ఉంది. పిస్టన్ ప్రతి చుట్టులో రెండుసార్లు పూర్తిగా ఆగి మళ్లీ బయల్దేరుతుంది. 360లోనూ 180లోనూ రెండు పిస్టన్‌లూ ఒకేసారి ఆగుతాయి, ఒకేసారి పరుగెత్తుతాయి, ఆ బరువంతా క్రాంక్ వేగాన్ని పట్టి లాగుతూ వదులుతూ ఉంటుంది. 270లో ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి దాదాపు పూర్తి వేగంలో ఉంటుంది. అందుకని వెనక టైరుకి చేరే ఊపు శుభ్రంగా ఉంటుంది. తడి రోడ్డు మీద మలుపులోంచి బయటికొస్తూ థ్రాటిల్ (యాక్సిలరేటర్) మెల్లగా తెరిచినప్పుడు టైరు ఎంత పట్టుకుందో కుడిచేతికి తెలిసిపోతుంది.

దీన్ని బట్టి 180 బండి వద్దని కాదు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొదట ఇచ్చే బండి 180 డిగ్రీలదే. అది దేనికీ కంగారు పెట్టదు.

రేక్, ట్రయిల్, వీల్‌బేస్

స్పెక్ షీట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అంకెలు ఇవి. స్టీరింగ్ కడ్డీ వాలు రేక్. ఆ కడ్డీ గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు నేలని తాకే చోటుకి కొంచెం ముందు పడుతుంది. ఆ రెంటి మధ్య దూరం ట్రయిల్. సామాన్ల ట్రాలీని తోస్తే దాని చిన్న చక్రాలు వాటంతటవే వెనక్కి తిరిగి దారిలో పడతాయి చూడండి, ముందు చక్రాన్ని నిటారుగా ఉంచే సూత్రం అదే. ట్రయిల్ ఎక్కువైతే బండి గీత గీసినట్టు పోతుంది, తిప్పడానికి బరువుగా ఉంటుంది. తక్కువైతే చురుగ్గా తిరుగుతుంది, గుంత తగిలితే హ్యాండిల్ త్వరగా ఉలిక్కిపడుతుంది.

ఈ తరగతిలో రేక్ 24 నుంచి 26 డిగ్రీలు, ట్రయిల్ 90 నుంచి 110 మి.మీ., వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 1,400 నుంచి 1,450 మి.మీ. మధ్య ఉంటాయి. ఎంటీ-07 ట్రయిల్ 90 మి.మీ., ఇంటర్‌సెప్టర్‌ది 106. వీల్‌బేస్‌లు దాదాపు సమానమే. ఒకటి నడిపి వెంటనే రెండోది ఎక్కితే మొదటి మలుపులోనే తేడా తెలుస్తుంది: ఎంటీ అనుకోగానే వాలిపోతుంది, ఇంటర్‌సెప్టర్ ఒక్క క్షణం ఆలోచించి వాలుతుంది గానీ వాలాక మలుపు చివరిదాకా ఆ గీత వదలదు. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకి రెండోది అలుపు తగ్గిస్తుంది. సందుల్లో దూరేవాళ్లకి మొదటిది నచ్చుతుంది.

టైరు వెడల్పు గురించి ఒక మాట. వెనక 180 మి.మీ. టైరు చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. కానీ టైరు ఎంత వెడల్పైతే, అదే వేగంలో అదే మలుపుకి బండిని అంత ఎక్కువ వాల్చాలి, ఎందుకంటే వాలినకొద్దీ నేలని తాకే చోటు పక్కకి జరిగిపోతుంది. 50–70 హార్స్‌పవర్‌కి 160 టైరు ధారాళంగా సరిపోతుంది. ఇంటర్‌సెప్టర్ 130తోనే 18 అంగుళాల చక్రాల మీద సుఖంగా పోతోంది. 180 వేసేది ఫోటోల కోసమని నా అనుమానం. 17 అంగుళాల చక్రాలకి మాత్రం ఒక నికార్సయిన లాభం ఉంది: మంచి రబ్బరు టైర్లు ఆ సైజులో దొరికినన్ని ఇంకే సైజులోనూ దొరకవు.

కూర్చునే తీరు

సీటు, హ్యాండిల్, ఫుట్‌పెగ్‌లు. ఈ మూడు చుక్కల్నీ కలిపిన త్రికోణమే స్టాండర్డ్ బండికి ప్రాణం. 1969లో హోండా సీబీ750 వచ్చేనాటికి రోడ్డు బండి ఆకారమే ఇది, వేరే పేరు అక్కర్లేదు. 1985లో సుజుకీ జీఎస్‌ఎక్స్-ఆర్750 లాంటివి రేసు బండి భంగిమను రోడ్డు మీదికి తెచ్చాక మిగతావన్నీ రకరకాలుగా చీలిపోయాయి. ఇది మాత్రం నడుము కొంచెం ముందుకు, పెగ్‌లు తుంటి కింద, మోచేతులు వదులుగా, అలాగే ఉండిపోయింది.

ఊరి వేగంలో మణికట్ల మీద బరువు పడదు. 80–90 దగ్గర ఎదురుగాలి ఛాతీని కాస్త ఆపుతుంది కాబట్టి ఇంకా తేలిక. అక్కడినుంచి పైకి లెక్క తిరగబడుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 140కి వెళ్తే దాదాపు రెట్టింపు. అప్పుడు మీరు హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడుతుంటారు, మెడ పట్టేస్తుంది, హ్యాండిల్‌ని గట్టిగా లాగి పట్టడం వల్ల బండి కూడా ఊగుతుంది. చాలామంది దీన్ని బండి లోపం అనుకుంటారు. మోచేతులు వంచి, మోకాళ్లతో ట్యాంకుని నొక్కి పట్టుకుంటే సగం ఊగుడు అక్కడికక్కడే పోతుంది.

భుజాలు, మణికట్లు నొప్పి అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హ్యాండిల్ మార్చేయాలన్న నిర్ణయంతో వస్తారు. ఒకాయన హ్యాండిల్ ఎత్తే రైజర్లు కొని తెచ్చారు కూడా. బండి మీద కూర్చోబెట్టి పక్కనుంచి చూస్తే, క్లచ్, బ్రేక్ లివర్లు దాదాపు నేలకి సమాంతరంగా ఉన్నాయి. వేళ్లు అందుకోవాలంటే మణికట్టు పైకి విరవాల్సిందే. రెండు క్లాంపుల బోల్టులు వదులు చేసి, మోచేతినుంచి వేళ్లదాకా ఒకే గీతగా వచ్చేటట్టు లివర్లని కిందికి తిప్పి బిగించాం. రైజర్లు ఆయన డిక్కీలోనే ఉండిపోయాయి. మీరు బండి తీసుకున్న రోజే ఈ పని చేయించుకోండి, ఖర్చు లేనిది.

బరువు సంగతి

200 కిలోలు భయపెట్టే అంకెలా ఉంటుంది గానీ, నడక వేగం దాటాక అది మీ మీద ఉండదు, చక్రాల మీద ఉంటుంది. ఆగినప్పుడే పేచీ. స్థూలంగా ఒక లెక్క: 210 కిలోల బండి ఐదు డిగ్రీలు పక్కకి వాలితే, హ్యాండిల్ దగ్గర పట్టి ఆపడానికి తొమ్మిది కిలోల బలం చాలు. ఇరవై డిగ్రీలు వాలితే అదే 36 కిలోలవుతుంది. అంటే వాలడం మొదలైన క్షణంలో పట్టుకుంటే చిన్నపిల్ల కూడా ఆపగలదు, ఆలస్యమైతే వస్తాదు కూడా వదిలేయాల్సిందే. అలా వాలిపోతున్నప్పుడు కాలు అడ్డం పెట్టి మోకాలు పోగొట్టుకోవద్దు, వదిలేయండి.

అందుకని సీటు ఎత్తు 800 మి.మీ.యా 820యా అని కొట్టుకోవడం కంటే, సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉందో చూడండి. 790 ఎత్తున్న వెడల్పాటి సీటు కంటే 815 ఎత్తున్న సన్నటి సీటు మీద కాళ్లు బాగా ఆనుతాయి. బూట్లు వేసుకుని కూర్చుని చూడండి. రెండు మడమలూ ఆనకపోయినా ఫర్వాలేదు. ఒక పాదం పూర్తిగా, ఇంకొకటి మునివేళ్ల దాకా ఆనితే చాలు.

ఇక నెమ్మది మీద యూ-టర్న్. కొత్తగా పెద్ద బండికి వచ్చినవాళ్లు పడేది ఎక్కువగా ఇక్కడే, అది కూడా ఒకే కారణంతో: హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేక్ పట్టడం. చేయాల్సింది ఇది. క్లచ్ పట్టీ పట్టనట్టు సగంలో ఉంచాలి, థ్రాటిల్ కొంచెం తెరిచి కదపకుండా ఉంచాలి, వేగాన్ని వెనక బ్రేక్‌తో మాత్రమే సర్దుకోవాలి, చూపు తిరగబోయే వైపుకి పోవాలి. ముందు చక్రం వైపు చూస్తే అక్కడికే పోతారు. 200 సీసీ మీద ఇవేవీ లేకుండా కాలు నేలకి ఆనించి లాక్కొచ్చేసి ఉంటారు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు.

సస్పెన్షన్: కంపెనీలు డబ్బు మిగుల్చుకునే చోటు

ఈ తరగతి బండ్ల ఇంజిన్‌కి వంక పెట్టడం కష్టం. వంకలన్నీ ఇక్కడే. చాలావాటి ముందు ఫోర్క్‌లో ఉండేది డ్యాంపింగ్ రాడ్ రకం, అంటే ఆయిలు చిన్న రంధ్రాల గుండా దూరి స్ప్రింగు ఊపుని అణుస్తుంది (డ్యాంపింగ్ అంటే అదే). రంధ్రంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఆయిలు వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే బ్రేక్ పట్టినప్పుడు, అంటే ఫోర్క్ నెమ్మదిగా దిగేటప్పుడు, ఆపే బలం చాలక బండి ముక్కు వాల్చేస్తుంది. పదునైన గుంత అంచు తగిలినప్పుడు, అంటే ఫోర్క్ ఒక్కసారిగా కదలాల్సి వచ్చినప్పుడు, నిరోధం ఎక్కువైపోయి దెబ్బ నేరుగా అరచేతుల్లోకి కొడుతుంది. మెత్తగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది, రెండూ అవసరం లేని చోటే. మీ బరువుకి తగ్గ స్ప్రింగులు వేసి, ఆయిలు చిక్కదనం, మట్టం సరిచూస్తే దీన్ని చాలావరకు దారికి తేవచ్చు. బండికి డబ్బు పెట్టాలంటే సైలెన్సర్ కంటే ముందు ఇక్కడ పెట్టండి.

వెనక షాక్‌కి ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే ఎంత నొక్కి ఉంచాలన్న) సర్దుబాటు దాదాపు అన్నిటికీ ఉంటుంది, దాదాపు ఎవరూ ముట్టుకోరు. కొలిచే పద్ధతి ఇంట్లోనే చేయొచ్చు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తి, యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా సీటు తోక మీద ఒక గుర్తుదాకా కొలవండి. తర్వాత చక్రం కిందికి దించి, రైడింగ్ బట్టలతో మీరు కూర్చుని, ఇంకొకరిని పట్టుకోమని, మళ్లీ కొలవండి. ఆ రెంటి తేడా శాగ్. వెనక చక్రం మొత్తం కదలికలో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. 120 మి.మీ. కదలిక ఉన్న బండికి 30 నుంచి 40 మి.మీ. అన్నమాట. రెండు షాకులున్న బండ్లలో కదలిక 90 లోపే ఉండొచ్చు, అప్పుడు ఆ మేరకు తగ్గించుకోండి.

ఇది ఎందుకింత ముఖ్యమో ఒక కేసు చెప్తాను. ఒకాయన బండి మలుపులో బయటికి బయటికి పోతోందని, ఫ్రేమ్ వంగిపోయిందేమో చూడమని తెచ్చారు. మనిషి భారీ, వెనక పెద్ద డబ్బా బిగించారు. కొలిస్తే శాగ్ 52 మి.మీ. వచ్చింది. వెనక అంత కుంగితే ముందు ఫోర్క్ వాలు పెరిగినట్టే, ట్రయిల్ కూడా పెరిగినట్టే. పైగా ముందు చక్రం మీద బరువు తేలిపోతుంది. ఇక ఆ బండి ఎలా తిరుగుతుంది? సీ-స్పానర్‌తో ప్రీలోడ్ రింగు తిప్పి 36కి తెచ్చాం, ముందు టైరులో తక్కువున్న గాలి నింపాం. ఫ్రేమ్‌కి ఏమీ కాలేదు. బండి తిరగడం లేదని ఎవరన్నా అంటే గాలి, శాగ్, స్టీరింగ్ బేరింగ్, ఈ వరసలో చూస్తాను. ఫ్రేమ్ దాకా వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు.

బ్రేకులు

దీనికి పెద్దగా చెప్పేది లేదు. ముందు ఒక డిస్క్ ఉన్నా, ఏబీఎస్ ఉంటే ఈ బరువుకి చాలు. కానీ ముందు బ్రేక్ వాడటానికి భయపడే అలవాటుంటే మానుకోవాలి. బండి, మీరు కలిసి 300 కిలోలు, రెండు చక్రాల మీదా సగం సగం అనుకోండి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ పడితే సుమారు 110 కిలోలు వెనకనుంచి ముందుకి మారిపోతుంది. అప్పుడు ముందు చక్రం మీద 260, వెనక 40. ఆ నలభై కిలోల చక్రాన్ని ఎంత తొక్కితే ఏం లాభం? లివర్‌ని ఒక్కసారిగా గుంజకుండా, మొదట తేలిగ్గా పట్టి, ఫోర్క్ దిగాక బలం పెంచండి. బరువు టైరు మీదికి వచ్చాకే దానికి పట్టు వస్తుంది.

టెస్ట్ రైడ్‌లో

షోరూమ్ వాళ్లు ఇచ్చే పది నిమిషాల చుట్టు సరిపోదు. ఎలాగైనా ముప్పావు గంట సంపాదించండి. స్నేహితుడి బండైనా సరే. సీటు ఫోమ్ మొదటి పావుగంట అందరికీ నచ్చుతుంది, మెత్తటి ఫోమ్ అణిగిపోయి కింద పలక తగిలేది ఆ తర్వాతే.

నాలుగో గేర్‌లో 40 మీద పోతూ థ్రాటిల్ పూర్తిగా తెరవండి. దడదడలాడకుండా లాగితే సంతోషం. తర్వాత థ్రాటిల్ మూసి, మళ్లీ వెంట్రుకవాసి తెరిచి చూడండి: అక్కడ గట్టిగా కుదుపు వస్తుంటే ఊళ్లో రోజూ ఆ కుదుపే. కొన్నిసార్లు అది ఇంధన ఇంజెక్షన్ లోపం కాదు, చైన్ వదులు లేదా థ్రాటిల్ కేబుల్ వదులు. అవి సరిచేసి ఇంకోసారి నడిపిస్తారేమో అడగండి. నున్నటి రోడ్డు మీద మలుపు తిరిగితే ప్రతి బండీ బుద్ధిగానే ఉంటుంది. కాబట్టి మధ్యలో అతుకులున్న మలుపు వెతికి, అందులో నెమ్మదిగా వాలి పోనివ్వండి. బండి ఒక్కసారి ఊగి సర్దుకుంటే మంచిదే. రెండు మూడు ఊపులు ఊగితే వెనక షాక్‌లో డ్యాంపింగ్ తక్కువ. హ్యాండిల్ రెండు కొసలకీ పూర్తిగా తిప్పి చూడండి, ఎంత దూరం తిరుగుతుందో. మీ ఇంటి ముందు బండి తిప్పుకునేది దాంతోనే.

వెనక కూర్చునే మనిషి ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి. వాళ్ల పెగ్‌లు మరీ పైకి ఉంటే అరగంటలో మోకాళ్లు చెప్పేస్తాయి, తర్వాత ఆ బండి మీద మీరొక్కరే తిరుగుతారు.

ఎవరికి వద్దు

గంటల తరబడి 120కి పైన పోవడమే మీ పనైతే గాలికి అడ్డం ఉన్న బండి చూసుకోండి. అద్దం బిగించి నెట్టుకురావచ్చు గానీ, పొట్టి అద్దం గాలిని ఛాతీ మీదనుంచి తీసి హెల్మెట్ మీద వేస్తుంది, గోల ఎక్కువవుతుంది. రాళ్ల బాటల్లో తిరిగేవాళ్లకి కూడా నేను చెప్పను. సస్పెన్షన్ కదలిక, నేలనుంచి ఎత్తు రెండూ చాలవు. ఆరడుగుల పైన ఉన్నవాళ్లు మోకాలి మడత ఎంతో ముందు చూసుకోవాలి.

200 నుంచి నేరుగా రావచ్చా? రావచ్చు. మీ ఆరేళ్ల అలవాట్లలో ఒకటి మాత్రం దారిలో అడ్డం వస్తుంది. చిన్న సింగిల్‌ని ముందుకు తేవాలంటే గేరు తగ్గించి థ్రాటిల్ మొదలంటా తెరుస్తాం. ఇక్కడ అలా చేస్తే వాహనాల మధ్య ఖాళీ మీరు అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. మొదటి నెల గేర్లు తొందరగా పైకి వేసేసి, మూడో గేరు, నాలుగో గేరు మీదే ఊరంతా తిరగండి. థ్రాటిల్ మూసినప్పుడు ట్విన్ ఇంజిన్ మీ పాత బండికంటే గట్టిగా ఆపుతుంది, వెనకున్నవాడికి అది తెలియదు, బ్రేక్ లైటు వెలిగేలా పెడల్ మీద కాలు ఆనించండి. స్లిప్పర్ క్లచ్ ఉన్న బండైతే గేరు దించేటప్పుడు వెనక చక్రం ఎగరడం తగ్గుతుంది, క్లచ్ కూడా తేలిగ్గా ఉంటుంది, ఉంటే తీసుకోండి. మలుపుల్లో బండిని శరీరంతో తోయకండి; కుడికి పోవాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి నెట్టండి. చిన్న బండి మీద కూడా మీరు తెలియకుండా చేస్తున్నది అదే, 200 కిలోల మీద తెలిసి చేయాలి. వెడల్పాటి హ్యాండిల్ ఇచ్చింది కూడా అందుకే.

మీరు చూస్తున్న బండి పేరు, మీ బరువు, కాలి లోపలి కొలత, వెనక ఎవరైనా తరచుగా కూర్చుంటారా అన్నది రాయండి. ప్రీలోడ్ ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలో, ఫోర్క్ స్ప్రింగులు మార్చాల్సి వస్తుందో లేదో చెప్తాను.